కాంక్రీటు పగులు, ఎముక పగులు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీ వృత్తి గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. నా వృత్తి వంతెనలు కట్టడం. ఎముకల గురించి మాట్లాడతానండీ అన్నాను. కాసేపు అవతల్నుంచి శబ్దం లేదు. "మీరు సివిల్ ఇంజినీరు కదా?" అన్నారు. అవునండీ, అందుకే మాట్లాడతానన్నాను.

మన సైన్సు గదిలో మూల ఒక అస్థిపంజరం వేలాడుతుండేది, గుర్తుందా? ఒక చెయ్యి తీగతో కట్టి ఉండేది. మన మాస్టారు దాని తొడ ఎముక మీద బెత్తంతో కొట్టి, "పెద్దవాళ్ల ఒంట్లో ఎముకలు 206. అన్నిట్లోకీ పొడుగైనది ఇది. దీన్ని విరక్కొట్టడం ఎవడి తరం కాదు" అనేవారు. ముప్పై ఏళ్లకు పైగా నేను ఆ మాట నమ్మాను. మాస్టారు తప్పు చెప్పలేదు. ఆయన కొట్టి చూపించింది ఎముక నడిమి భాగం. విరిగేది పైన, మెడ దగ్గర.

2018 కార్తీకమాసం. మా అమ్మకు 76 ఏళ్లు. గుడివాడకు నాలుగు మైళ్ల దూరంలో మా ఊళ్లో ఉండేది. తెల్లవారుజామున దీపం పెట్టడానికి లేచి, దొడ్లో తడి గచ్చు మీద జారి పక్కకు పడింది. పెద్దగా పడలేదు, నిలబడ్డ మనిషి నిలబడ్డ చోటే ఒరిగింది. తనే లేచి, గోడ పట్టుకుని లోపలికొచ్చి దీపం పెట్టింది కూడా. సాయంత్రానికి గజ్జల్లో నొప్పి. ఊళ్లో కట్టు కట్టే ఆయన వచ్చి, నూనె రాసి, మూగదెబ్బ అన్నాడు. నాలుగో రోజుకూ తగ్గకపోతే మా తమ్ముడు ఎక్స్‌రే తీయించాడు. తొడ ఎముక మెడలో సన్నటి పగులు. విరిగిన ముక్కలు ఒకదాంట్లో ఒకటి గుచ్చుకుని కదలకుండా ఉన్నాయి. అక్కడి డాక్టరు, చిన్న కోత పెట్టి మూడు స్క్రూలు వేస్తే మంచిది, ఆలస్యం చేయకండి అన్నాడు.

నేను అప్పుడు అస్సాంలో ఒక వంతెన పని మీద ఉన్నాను. తమ్ముడు ఎక్స్‌రే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి, "ఏం చేద్దాం అన్నయ్యా?" అని అడిగాడు. ఇంట్లో పెద్దవాణ్ణి నేను, చదువుకున్నవాణ్ణి నేను. పైగా పగులు అంటే నా రంగం.

మా పనిలో పాత కట్టడంలో పగులు కనిపిస్తే వెంటనే పగలగొట్టం. పగులుకు అడ్డంగా చిన్న గాజు పట్టీ అంటించి, దాని మీద తేదీ రాసి వదిలేస్తాం. కట్టడం ఇంకా కదులుతుంటే గాజు పట్టున విరుగుతుంది. విరక్కపోతే పగులు నిద్రపోయినట్టు, పైన పూత వేస్తే చాలు. మన నల్లరేగడి నేలల్లో ఇళ్లకు ఎండాకాలం పగుళ్లు రావడం, వానలకు మూసుకోవడం మీరంతా చూసినదే. ఆ అలవాటుతోనే నేను ఎక్స్‌రే చూశాను. సన్నటి గీత, ఎటూ జరగలేదు. "బరువు పడకుండా మంచం మీద ఉంచండి. ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు? సంక్రాంతికి వచ్చాక చూద్దాం" అన్నాను. ఆ మాట నాదే. కట్టు కట్టినాయనది కాదు, డాక్టరుది కాదు, తమ్ముడిది కాదు.

పదిహేడో రోజున మంచం మీద పక్కకు తిరగబోతే లోపల టప్పున శబ్దం వచ్చిందట. ఆ తర్వాత కాలు పొట్టిదై, పాదం బయటి వైపుకు తిరిగిపోయింది.

మన బ్యాచ్‌లోనే ఒకడు ఎముకల డాక్టరయ్యాడు. ఇక్కడే ఉన్నాడు, పేరు చెప్పొద్దన్నాడు. ఆ రోజు వాడికి రెండు ఫోటోలూ పంపాను. పది నిమిషాల్లో ఫోన్ చేశాడు. "మొదటి ఫోటో నాకెందుకు పంపలేదురా?" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. ఆ తర్వాత చాలా నెలలు, సైట్ మీద ఖాళీ దొరికినప్పుడల్లా వాడికి ఫోన్ చేసి, అడిగి, చదివి తెలుసుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను. తప్పులుంటే వాడు లేచి సరిదిద్దుతాడు.

తొడ ఎముక పైకి నిట్టనిలువుగా వెళ్లి, చివర్లో లోపలికి వంగి, ఒక బంతిలా ముగుస్తుంది. ఆ బంతి తుంటి గిన్నెలో తిరుగుతుంది. బంతికీ నిలువు ఎముకకీ మధ్య ఉన్నదే మెడ. రెంటి మధ్య కోణం పెద్దవాళ్లలో సుమారు 125 నుంచి 130 డిగ్రీలు. మా భాషలో చెప్పాలంటే క్రేను చెయ్యి. ఈ పోలిక నాది కాదు. 1866 ప్రాంతంలో జ్యూరిచ్‌లో హెర్మన్ వాన్ మేయర్ అనే శరీరశాస్త్ర ఆచార్యుడు తొడ ఎముకను నిలువునా కోసి, లోపలి సన్నటి ఎముక పోగుల వరుసను చూపించాడు. అది చూసిన కార్ల్ కుల్మన్ అనే ఇంజినీరింగు ఆచార్యుడికి అది తన క్రేను బొమ్మలాగే కనిపించింది. బరువు మోసే క్రేను లోపల ఒత్తిడి ఏ దారిన, లాగుడు ఏ దారిన నడుస్తాయో ఆయన గీసే గీతలు, ఎముకలోని పోగులు ఒకే తీరున వంపు తిరిగాయి. మేం కాలేజీలో తిట్టుకుంటూ చదివిన గ్రాఫిక్ స్టాటిక్స్‌కు ఆద్యుడు ఈ కుల్మనే. తర్వాత 1892లో జూలియస్ వూల్ఫ్ అనే జర్మన్ సర్జన్, ఎముక తన మీద పడే బరువును బట్టి తన కట్టుబడిని మార్చుకుంటూ ఉంటుందని సూత్రీకరించాడు.

నేను ఆగిపోయింది ఇక్కడే. నా వంతెన, పోసిన రోజున ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఎముక అలా కాదు. రోజూ కొన్ని కణాలు పాతది తవ్వేస్తుంటాయి, కొన్ని కొత్తది పోస్తుంటాయి. ఉజ్జాయింపుగా పదేళ్లలో ఒంట్లోని ఎముకంతా కొత్తదవుతుందంటారు. వయసులో ఉన్నప్పుడు తవ్వినంతా పూడుతుంది. తర్వాత, ముఖ్యంగా ఆడవాళ్లకు నెలసరి ఆగాక, తవ్వకం ఎక్కువ, పూడ్చడం తక్కువ. తొడ ఎముక మెడలో పోగుల వరుసల మధ్య ముక్కోణంలా ఒక పలచటి చోటుంది, మొదట ఖాళీ అయ్యేది అదే. ఈ పోగులు ఒక్కొక్క వరుసా ఎలా మాయమవుతాయో ఎక్స్‌రేలో చూసి ఎముక బలాన్ని అంచనా కట్టే పద్ధతిని 1970లో ప్రచురించింది మన దేశపు వైద్యులే. ముఖ్యుడి పేరు మన్మోహన్ సింగ్. ప్రధానమంత్రి కాదు, వేరే ఆయన. మా అమ్మ ఎక్స్‌రేలో నేను పగులొక్కటే చూశాను. మా వాడు పగులు కంటే ముందు చుట్టూ లేని పోగుల్ని చూశాడు.

రెండో సంగతి రక్తం. ఈ సభలో సగం మందికి డెల్టాలో పొలాలుండేవి, కొందరికి ఇంకా ఉన్నాయి. శివారు భూమి అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. తొడ ఎముక బంతి అచ్చంగా శివారు భూమి. దానికి రక్తం తెచ్చే సన్నటి నాళాలు మెడ మొదట్లో బయల్దేరి, మెడనంటుకునే పైకి పాకుతాయి. పెద్దవాళ్లకు వేరే కాలవ ఉన్నా లేనట్టే. మెడ విరిగి జరిగితే ఆ నాళాలు తెగుతాయి. కాలవకు గండి పడితే శివారు ఎండినట్టు, బంతి ఎండి కూలిపోతుంది. విరిగింది మెడకు కింద, కండరాలు అతుక్కునే గుబ్బల దగ్గరైతే అక్కడ రక్తానికి లోటు లేదు, ఎముక అతుక్కుంటుంది. కానీ కదలకుండా లోపలి నుంచి పట్టి ఉంచకపోతే వంకరగా, పొట్టిగా అతుక్కుంటుంది. ఇంట్లో వాళ్లకు రెండూ 'తుంటి విరిగింది' అనే ఒక్క మాటే. సర్జన్‌కు మాత్రం రెండూ వేర్వేరు ఊళ్లు. కదలని మెడ పగులుకు స్క్రూలు. జరిగిపోయిన మెడకు, వయసు మీరినవాళ్లలో, ఎక్కువగా బంతినే తీసి లోహపు బంతి వేస్తారు. మెడ కింద విరిగితే ప్లేటూ స్క్రూ, లేదా ఎముక గొట్టంలోకి దిగే రాడ్డు.

మా అమ్మకు అరగంటలో మూడు స్క్రూలతో పోయేది, చివరికి బంతి మార్చేదాకా వచ్చింది. అప్పటికి మూడు వారాల మంచం. వీపు కింద పుండు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, తొడ కండలు కరిగిపోయాయి. ఆపరేషన్ బాగానే జరిగింది. వాకర్ పట్టుకుని వసారా దాకా వచ్చేది. దొడ్లోకి మళ్లీ వెళ్లలేదు. పద్నాలుగు నెలలకు పోయింది.

తుంటి విరిగిన వృద్ధుల్లో ఏడాది తిరిగేసరికి నూటికి ఇరవై నుంచి ముప్పై మంది బతికి ఉండరని చాలా దేశాల లెక్కలు చెబుతున్నాయి. చంపేది విరిగిన ఎముక కాదు, ఎక్కువగా మంచమే. అందుకే ఈ ఆపరేషన్ వీలైతే అదే రోజో మర్నాడో చేసి, ఆ మర్నాడే నిలబెట్టాలని చూస్తారు. 'ఈ వయసులో ఆపరేషన్ ఎందుకు' అని నేనన్నాను చూశారా, అది తిరగబడ్డ ప్రశ్న. ఈ వయసులో మంచం ఎందుకు అని అడగాల్సింది. గుండె, షుగరు, రక్తం పలచబడే మందులు చూసుకోవాలి, నిజమే. ఒక్కోసారి అందుకు ఒకట్రెండు రోజులు పడుతుంది. అది డాక్టర్లు లెక్కపెట్టే ఆలస్యం. నేను చేసింది పండగ దాకా వాయిదా.

కట్టు వైద్యాన్ని ఎగతాళి చేయడానికి నేనిక్కడికి రాలేదు. ఏడో తరగతిలో మన బడి ప్రహరీ మీంచి పడి నా ముంజేయి విరిగితే, వెదురు బద్దలతో కట్టు కట్టించే నయం చేశారు. ఇదిగో, ఇప్పటికీ తిన్నగానే ఉంది. సుశ్రుతుడు ఎముక విరగడంలో పన్నెండు రకాలు, కీలు తొలగడంలో ఆరు రకాలు చెప్పాడు, చెట్టు పట్టలతో, వెదురుతో బద్దలు కట్టమన్నాడు. చిత్తూరు వైపు పుత్తూరు కట్టుకు ఇవాళ్టికీ రాష్ట్రాలు దాటి జనం వస్తారు. పిల్లల ముంజేయి కాస్త వంకరగా అతికినా పెరిగేకొద్దీ తనే సర్దుకుంటుంది. అయితే అక్కడ కూడా కట్టు మరీ బిగిస్తే వేళ్లకు రక్తం అందక చెయ్యే చచ్చుబడిపోవచ్చు. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరుగుతున్నా గంట కూడా ఆగకూడదు. తుంటి మాటంటారా, దానికి బద్ద ఎక్కడ కడతారు? కండల అడుగున, కీలు సంచి లోపల ఉన్న మెడను బయటి నుంచి ఏ కట్టూ పట్టి ఉంచలేదు.

మూడోది బరువు. ఇది నాకు ఇష్టమైన లెక్క, రెండు నిమిషాలు ఓర్చుకోండి. నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ ఒక క్షణం ఒంటి కాలి మీద ఉంటాం. అప్పుడు తుంటి బంతి ఒక కావడికి భుజం లాంటిది. కావడి బద్దకు ఒక చివర ఒళ్లంతా వేలాడుతోంది, రెండో చివర తుంటి పక్క కండరాలు కిందికి లాగి పట్టుకున్నాయి. కానీ ఈ కావడి సమానం కాదు. ఒళ్లు వేలాడే వైపు బద్ద పొడుగు, కండరం వైపు అందులో సగం కూడా లేదు. కాబట్టి కండరం రెట్టింపు బలంతో లాగాలి. ఈ రెండు బరువులూ కలిసి భుజం మీద, అంటే బంతి మీద పడతాయి. 60 కిలోల మనిషి మామూలుగా నడుస్తుంటే తుంటి మీద పడేది 150 నుంచి 180 కిలోలు. తూలి నిలదొక్కుకుంటే ఇంకా చాలా ఎక్కువ.

ఈ లెక్క తెలిస్తే ఊతకర్ర ఏ చేత్తో పట్టుకోవాలో ఎవరినీ అడగక్కర్లేదు. నొప్పి కుడి కాలికైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. పొడుగు వైపున కొంచెం ఎత్తిపడితే, పొట్టి వైపున కండరానికి బోలెడు భారం తగ్గుతుంది. సినిమాల్లో ముసలి వేషాలు నూటికి తొంభై నొప్పి కాలి వైపే కర్ర పట్టుకుంటాయి. కూరగాయల సంచి మాత్రం నొప్పి ఉన్న వైపు చేతిలోనే మొయ్యాలి. ఇందాక భోజనశాల దగ్గర మన లెక్కల మాస్టారు గారి కర్ర నేనే రెండో చేతికి మార్చాను. "నాకే లెక్కలు చెబుతున్నావా?" అన్నారు. నాలుగడుగులు వేసి, "సరిగ్గానే ఉందిరా" అన్నారు.

డాక్టర్ల పక్కన ఇంజినీర్లకు చోటుందా అని పిల్లలడుగుతారు, వాళ్ల కోసం ఒక కథ. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ అరిగిపోయిన తుంటికి మొత్తం కీలు మార్చాలనుకున్నాడు. ఘర్షణ తగ్గించడానికి బంతిని చిన్నది చేశాడు, గిన్నెకు టెఫ్లాన్ వాడాడు. అదే, మన దోశ పెనం పూత. మొదట్లో రోగులు హాయిగా నడిచారు. రెండు మూడేళ్లకు గిన్నెలు అరిగి, ఆ పొడికి చుట్టూ ఉన్న ఎముక దెబ్బతింది. చాలామందికి తన చేత్తోనే మళ్లీ ఆపరేషన్ చేయాల్సొచ్చింది. ఆ రోజుల్లో ఒక అమ్మకపుదారు గట్టిరకం పాలిథిన్ ముక్క తెచ్చాడు. చార్న్‌లీ దాన్ని చూసి పనికిరాదు పొమ్మన్నాడు. ఆయన వర్క్‌షాపులో పనిచేసే హ్యారీ క్రేవెన్ మాత్రం, ఆయన ఊళ్లో లేనప్పుడు దాన్ని అరుగుదల యంత్రం మీద పెట్టి తిప్పాడు. రోజులు గడిచినా అది అరగలేదు. చార్న్‌లీ ఆ పదార్థాన్ని తన తొడలోనే ఎక్కించుకుని పరీక్షించి, 1962 నవంబరులో రోగికి వాడాడు. ఈ సభలో మోకీలు మార్పించుకున్నవాళ్లు కనీసం నలుగురున్నారు. మీ లోహానికీ లోహానికీ మధ్య ఉన్న పలక ఆ పాలిథిన్ వంశానిదే. నాకు ఆ కథలో నచ్చింది తన టెఫ్లాన్ తప్పయిందని చార్న్‌లీ దాచిపెట్టకపోవడం. ఆయన వైపు చూసే నేను ఇవాళ ఈ మైకు ముందుకొచ్చాను.

ఇక ఇంటికెళ్లి చేయాల్సినవి. అరవై దాటినవారు పడి, లేచాక గజ్జల్లో నొప్పి ఉంటే, లేదా పడుకుని మడమను మంచం మీంచి ఎత్తలేకపోతే, అది బెణుకు కాదనుకోండి. నడవగలిగినా సరే, మా అమ్మా నడిచింది. కాలు లాగొద్దు, నూనె రుద్దొద్దు. రెండు కాళ్ల మధ్య దిండు పెట్టి, కదలకుండా తీసుకెళ్లండి. మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోయినా నొప్పి ఉంటే స్కాన్ అడగండి. ఫోటో మీ ఇంటి ఇంజినీరుకు కాదు, ఎముకల డాక్టరుకు పంపండి.

ఒకసారి చిన్నపాటుకే మణికట్టు గానీ, వెన్నుపూస గానీ విరిగితే, అది అతుక్కుంది కదా అని ఊరుకోవద్దు. డెక్సా పరీక్ష చేయించండి. ఎముక కరగడం ఆపే మందులున్నాయి. ఏడాదికొకసారి ఎక్కించే ఇంజెక్షన్ కూడా ఉంది. మనకెందుకులే, ఎండలో తిరిగినవాళ్లం అనుకోకండి. తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో పట్నంలోనే కాదు, పల్లెలో ఎండలో పనిచేసేవాళ్లలో కూడా విటమిన్ డి తక్కువున్నవాళ్లు చాలామంది తేలారు. తిండిలో కాల్షియం తక్కువ కావడమూ ఒక కారణం. మన డెల్టాలో మూడు పూటలా తెల్లన్నమే. మజ్జిగ పలచన చేసి పోసే ఇళ్లు మనవి. రాగులు, నువ్వులు, పాలు, ఎముకతో నమిలే చిన్న చేపలు, ఇవి ఖరీదైనవేమీ కావు.

ఇంటి సంగతి నేను ధైర్యంగా చెప్పగలను, అది నా పనే. గ్రానైటు నున్నగా మెరుస్తుంటే చూడ్డానికి బాగుంటుంది. అమ్మానాన్నల బాత్రూంలో మాత్రం గరుకు పలకలు వేయించండి. గోడకు కడ్డీ బిగించేటప్పుడు ఇటుకలోకి దిగే బోల్టు పెట్టించండి, టవలు కడ్డీ మనిషి బరువు ఆపదు. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రి చిన్న దీపం ఉంచండి. శుక్లాలుంటే వాయిదా వేయకుండా తీయించండి. మేం అమ్మకు దొడ్లో కడ్డీ వేయించాం, ఆపరేషన్ అయ్యాక. ఆమె దాన్ని ఒక్కసారి కూడా పట్టుకోలేదు.

చివరిగా, ఈ వేదిక. మూడు మెట్లున్నాయి, పక్కన పట్టుకోవడానికి ఏమీ లేదు. పొద్దున మన హెడ్మాస్టారు గారు ఎక్కుతుంటే ఇద్దరు చెరో రెక్కా పట్టుకున్నారు, ఆయనకది ఇష్టం లేదని మొహంలో కనిపించింది. సన్మానాలు జరుగుతుండగా నేను టేపు పెట్టి కొలతలు తీసుకున్నాను. మెట్టు అంచు నుంచి మూడడుగుల ఎత్తు, రెండు వైపులా, గుండ్రటి పైపు. మన 1991 బ్యాచ్‌లో వెల్డింగు షాపున్న తమ్ముడు మూడు గంటలకు వస్తానన్నాడు. అప్పటిదాకా దయచేసి అందరూ కుడివైపు నుంచి, గోడ ఉన్న వైపు నుంచి దిగండి.